బయానాకు ముందు నాలుగు మాటలు

ఊళ్లో ఎవరైనా ఇల్లు అమ్మకానికి పెట్టారంటే గోడకు బోర్డు కట్టాల్సిన పని లేదు. కామారెడ్డి జిల్లాలోని మన నస్రుల్లాబాద్ లాంటి చోట అయితే అసలే లేదు. కొడుకు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడట, తల్లిని తీసుకుపోతున్నాడట, అద్దెకున్నవాళ్లను దసరాకు ఖాళీ చేయమన్నాడట అని మూడు ముక్కలు చాయ్ హోటల్లో పడితే చాలు, నాలుగోది జనమే కలుపుకుంటారు. ఇంటాయన ఇంకా మనసులో అనుకుంటుండగానే ఇద్దరు వచ్చి "అన్నా, ఇల్లు అమ్ముతున్నవంట గదా" అని అడుగుతారు. ఒకాయన కొనేవాడు కావచ్చు. ఇంకొకాయన కొనిపించేవాడు. ఇవాళ ఆ రెండో ఆయన గురించి మాట్లాడుకుందాం. ఆయన మనకు కావాలా, అక్కర్లేదా? కావాలంటే ఏ పనికి కావాలి?

హైదరాబాద్‌లో అయితే ఆయనకు ఒక ఆఫీసు, విజిటింగ్ కార్డు, రియల్ ఎస్టేట్ ఏజెంట్ అని పేరు ఉంటాయి. మన దగ్గర ఆయన ఎరువుల దుకాణం నడుపుతూనో, జిరాక్స్ మిషన్ పెట్టుకునో, ట్రాక్టర్ల ఫైనాన్స్ చూసుకుంటూనో మధ్యలో ఈ పని చేస్తాడు. ఎవరి ఇంట్లో ఈ ఏడు డబ్బు ఆడుతోందో ఆయనకు తెలుసు. ఎవరి కొడుకు దుబాయ్ నుంచి పంపుతున్నాడో, ఏ టీచరమ్మ రిటైరై సొంతూరికి రావాలనుకుంటోందో, ఏ అన్నదమ్ములు వేరుపడి చిన్నవాడికి ఇల్లు వెతుకుతున్నారో తెలుసు. ఈ తెలివిడే ఆయన పెట్టుబడి. దాన్ని తక్కువ చేయను.

కానీ ఆలోచించండి. అమీర్‌పేటలో ఒక ఫ్లాట్ కొనేవాడు ఎక్కడివాడైనా కావచ్చు. వరంగల్ నుంచి రావచ్చు, విజయవాడ నుంచి రావచ్చు. వాణ్ని వెతికి పట్టుకోవడమే అక్కడ పెద్ద పని. మన ఊళ్లో ఇల్లు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గోడ కలిసిన పక్కింటాయన మొదటివాడు. తరువాత పాలోళ్లు. ఆ తరువాత గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సొంతగూడు చూసుకునేవాళ్లు. దుర్కిలోనో, నెమ్లిలోనో, బొమ్మన్‌దేవ్‌పల్లిలోనో ఉండి మండల కేంద్రంలో పిల్లల్ని చదివించుకోవాలనుకునేవాళ్లు. వీళ్లందరికీ మీరు తెలుసు, వీళ్లందరూ మీకు తెలుసు. కాబట్టి కొనేవాణ్ని చూపించినందుకు నూటికి రెండు రూపాయలు ఇవ్వాలా అంటే, ఇక్కడ అక్కర్లేదనే నా మాట. మన దగ్గర ఇల్లు మనమే అమ్ముకోవచ్చు, అమ్ముకోవాలి కూడా. అయితే రెండు చోట్ల మాత్రం మధ్యలో మనిషి కావాలి. ఆ రెండూ చెప్తాను.

మొదటిది బేరం. ఇది కాస్త దగ్గరగా చూద్దాం. అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. అమ్మేవాడు పద్దెనిమిది లక్షలన్నాడు. కొనేవాడు పద్నాలుగు దగ్గర ఉన్నాడు. దిగమని అడగాలంటే కొనేవాడు ఏదో ఒక వంక చూపాలి కదా. "కాకా, కప్పు కారుతోంది, వెనుక గోడకు చెద పట్టింది, వాస్తు చూస్తే ఆగ్నేయంలో బావి ఉంది" అంటాడు. అది తండ్రి కట్టిన ఇల్లు. స్లాబ్ వేసిన రోజు ఊరందరికీ అన్నం పెట్టిన ఇల్లు. ఆ మాట అమ్మేవాడి గుండెలో దిగబడుతుంది. బేరం కుదిరినా కుదరకపోయినా రేపు పొద్దున వీళ్లిద్దరూ ఒకే బావి గట్టున, ఒకే బస్సులో, ఒకే పెళ్లి పందిట్లో ఎదురుపడాలి. పట్నంలో కొన్నవాడు, అమ్మినవాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగితే మళ్లీ కలవరు. ఇక్కడ జన్మంతా కలుస్తారు.

మధ్యవర్తి ఉంటే ఆ మాట ఆయన నోటి మీదుగా వస్తుంది. ఆయన కొనేవాణ్ని కొంచెం అవతలికి, వేపచెట్టు కిందకి తీసుకుపోతాడు. "పటేలా, పదహారు దాటనియ్యి" అంటాడు. మళ్లీ ఇటు వచ్చి "అన్నా, పిల్లగానికి లోను పాసు కావాలె, నువ్వు ఒక అడుగు దిగు" అంటాడు. చెద సంగతి, కప్పు సంగతి ఆయన కడుపులోనే ఉండిపోతాయి. పశువుల అంగట్లో రుమాలు కింద చేతివేళ్లతో ధర చెప్పుకున్నట్టే ఇదీ. ధర ఇద్దరికే తెలుస్తుంది, పరువు అందరిదీ నిలుస్తుంది. ఈ పనికి మాత్రం మనిషి కావాలి. అయితే ఆయన కమీషన్ ఏజెంటే కానక్కర్లేదు. రెండు ఇళ్లకూ మంచిగా ఉండే ఒక పెద్దమనిషి చాలు. మన ఊళ్లలో ఆ పని డబ్బు ముట్టకుండా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. పంచెల చాపో, చీరో పెట్టి పంపితే సంతోషిస్తారు.

ఇప్పుడు ధర సంగతి. మన ప్రాంతంలో ఒక చిత్రం ఉంది. నిజాంసాగర్ కాలువ కింద ఎకరం మడి ఎంత పలుకుతోందో అడగండి, చిన్న పిల్లవాడు కూడా చెప్తాడు. 1931లో ప్రాజెక్టు పూర్తయ్యాక కోస్తా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకుని భూములు కొన్నప్పటి నుంచి ఇక్కడ పొలం ధర నోళ్లలో నలుగుతూనే ఉంది. ఇంటి ధర మాత్రం ఎవరికీ తెలియదు. పొలం చేతులు మారినంత తరచుగా ఇల్లు మారదు. రెండు తరాలకు ఒకసారి అమ్ముతారు. ఆ తెలియనితనం దగ్గరే అమ్మేవాడు నష్టపోతాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు పెద్దలు.

తెలుసుకునే దారులు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ ఊరి సర్కారు విలువ గజానికి ఎంతో కనిపిస్తుంది. ఆ పక్కనే ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, వెతికే చోటు ఉంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు అందులో దొరుకుతాయి. మీ వాడలో ఈ మధ్య చేతులు మారిన ఇంటి నంబరు కొడితే దస్తావేజులో రాసిన మొత్తం తెలుస్తుంది. రాసినదానికీ ఇచ్చినదానికీ తేడా ఉండటం మన దగ్గర మామూలే. అందుకే దాన్ని కింది గీతగా పెట్టుకుని, కొన్నవాళ్లను మెల్లగా అడగాలి. ఒకరిని కాదు, ముగ్గుర్ని. ఇది ఒక వారం పని. ఈ వారం మీరు తిరగకపోతే, ఆ తెలివికి మీరు ఇచ్చే కూలే కమీషన్.

కమీషన్ లెక్క కూడా ఒకసారి వేద్దాం. ఇరవై లక్షల ఇల్లు, నూటికి రెండు చొప్పున నలభై వేలు. ఇది పెద్ద మొత్తమే అయినా నా బాధ దాని గురించి కాదు. ఇంకో నెల ఆగితే ఇరవై ఒక్క లక్షలు వస్తుందనుకోండి. మీకు అదనంగా లక్ష. ఆయనకు అదనంగా రెండు వేలు. ఆ రెండు వేల కోసం ఆయన ఇంకో నెల మీ ఇంటి చుట్టూ తిరగాలి. తిరగడు. "అన్నా, మంచి పార్టీ, చేజారిపోతది" అంటాడు. ఆయన చెడ్డవాడై అనడు, లెక్క ఆయనతో అలా అనిపిస్తుంది. అమెరికాలో లెవిట్, సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో చుట్టుపక్కల జరిగిన లక్షకు దగ్గర ఇళ్ల అమ్మకాలు తీసి చూశారు. 2008లో అచ్చయింది ఆ పరిశోధన. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు ఊళ్లోవాళ్ల ఇళ్లకంటే దాదాపు పది రోజులు ఎక్కువ ఆగారు, నూటికి 3.7 ఎక్కువ ధర తెచ్చుకున్నారు. అదే అమెరికాలో మాడిసన్ అనే ఊళ్లో ఏజెంటు లేకుండా అమ్ముకున్నవాళ్ల సంగతి ఇంకొందరు పరిశీలించారు. ఏజెంటు ఉన్నంత మాత్రాన ధర పెరగలేదని, సొంతంగా అమ్ముకున్నవాళ్లకు మాత్రం కాలం ఎక్కువ పట్టిందని తేలింది. అంటే మీ దగ్గర తీరిక ఉంటే కమీషన్ మిగులుతుంది. తొందర ఉంటే ఆ తొందరకే డబ్బు కడుతున్నారు. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొంటున్న మన పిల్లల్ని అడగండి. అక్కడ అయిదారు శాతం అమ్మేవాడి జేబులోంచే పోయేది. ఈ కమీషన్ల మీద నడిచిన పెద్ద కోర్టు కేసు రాజీ తరువాత 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాడు తన ఏజెంటుకు ఎంత ఇస్తాడో ఇల్లు చూడ్డానికి ముందే కాగితం మీద రాసుకోవాలి. అంత వ్యవస్థ ఉన్న దేశమే నోటిమాటను వదిలి కాగితానికి వచ్చింది.

మన దగ్గర నోటిమాటే. ఆ నోటిమాటలో అన్నిటికన్నా ప్రమాదమైనది ఒకటుంది. "అన్నా, నీకు ఎంత నెట్ రావాలె చెప్పు, పైన ఎంత వచ్చినా నాది" అనడం. వినడానికి హాయిగా ఉంటుంది. మీకు పదహారు రావాలన్నారు, ఆయన పంతొమ్మిదికి అమ్మాడు, మూడు ఆయనవి. మీరే ఒప్పుకున్నారు కాబట్టి అడగడానికి నోరుండదు. అంతకంటే ముదిరినది, ఆయనే రెండు లక్షలు బయానా ఇచ్చి, తన పేరునో తన బావమరిది పేరునో అగ్రిమెంట్ రాయించుకుని, ఆరు నెలలు గడువు పెట్టి, ఈలోగా అసలు కొనేవాణ్ని వెతుక్కోవడం. మీరు ఏజెంటును పెట్టుకున్నాననుకుంటారు, నిజానికి ఆయన కొనేవాడైపోయాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీని గురించి రాసి ఉంది. ఏజెంటు యజమానికి చెప్పకుండా తన సొంత లెక్కన వ్యాపారం చేస్తే ఆ లాభం అడిగే హక్కు యజమానికి ఉంది. పనిలో మోసం చేసిన ఏజెంటుకు ఆ మేరకు కమీషన్ అడిగే హక్కు లేదు. కానీ కోర్టు దాకా ఎవరు పోతారు? సంతకం ముందే ఆపడం మేలు. పైగా 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మార్చాక, అగ్రిమెంట్ రాసి వెనక్కి పోయినవాడి చేత రిజిస్ట్రేషన్ చేయించడమే కోర్టులకు మామూలు దారి అయింది. "అగ్రిమెంటే కదా, తర్వాత చూద్దాం" అనే రోజులు పోయాయి.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ఉంది కదా అంటారేమో. 2016 నాటి ఆ చట్టం కింద ఏజెంట్లు పేరు నమోదు చేసుకోవాలి, నిజమే. అది కొత్త వెంచర్లు, అపార్టుమెంట్ ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మేవాళ్ల కోసం. మన వాడలో పాత ఇల్లు చేతులు మారే బేరంలో అది మీకు గొడుగు పట్టదు.

కాగితాల దగ్గరకు వద్దాం, ఎందుకంటే చాలామంది బ్రోకరును పెట్టుకునేది కాగితాల భయంతోనే. మీ నాన్నగారి దస్తావేజు ఒకసారి ట్రంకు పెట్టెలోంచి తీసి చివరి పేజీ చూడండి, షెడ్యూలు అని ఉంటుంది. పాతదైతే బాన్సువాడ తాలూకా అని ఉంటుంది. 1985లో మండలాలు వచ్చాక రాసినదైతే బీర్కూర్ మండలం, నిజామాబాద్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలినప్పుడు మనం కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం, బీర్కూర్ నుంచి విడిపోయి నస్రుల్లాబాద్ మండలమైంది. ఇల్లు కదలలేదు, చిరునామా రెండుసార్లు మారింది. ఇంటి నంబరు కూడా పంచాయతీ తిరగరాసి ఉండవచ్చు. కొత్త దస్తావేజులో పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయించకపోతే కొన్నవాడికి ఈసీ తీసినప్పుడు గొలుసు తెగిపోతుంది. నాలుగు దిక్కుల హద్దులూ అంతే. తూర్పున ఫలానా ఆయన ఇల్లు అని ఉంటుంది, ఆ ఫలానా ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు అక్కడ ఎవరున్నారో ఆ పేరు రాయాలి. ఇది బ్రోకరు చూడడు. డాక్యుమెంట్ రైటర్ పాత కాగితం చూసి దించేస్తాడు. చూడాల్సింది మీరు, మీ పక్కింటాయన.

పాత ఊరి మధ్యలో గ్రామకంఠం ఇళ్లకు తరాల నుంచి దస్తావేజే ఉండదు. అలాంటి ఇంటికి పంచాయతీ రికార్డే ఆధారం కాబట్టి, బేరానికి ముందే కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఇంటి పన్ను బాకీ కట్టి, రికార్డులో ఎవరి పేరుందో చూసుకోండి. తాతగారి పేరే ఉంటే అక్కడే ఆరు నెలలు పట్టవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు పొరపాటున పడి ఉందేమో కూడా చూసుకోండి. ఇవన్నీ సరిపోతే బాన్సువాడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని ఒక పూటది. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి నూటికి ఏడున్నర. అది కొనేవాడు కట్టుకోవడం ఆనవాయితీ. అమ్మేవాడు ఫొటో, వేలిముద్ర ఇస్తాడు. ఆధార్, పాన్ వెంట తీసుకెళ్లాలి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే. ఇల్లు, భూమి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడవచ్చు.

ఇంతకన్నా పెద్ద కాగితం ఒకటుంది. అక్కాచెల్లెళ్ల సంతకం. తండ్రి ఇల్లు అమ్ముతూ ఆడబిడ్డల్ని అడగకపోవడం మన దగ్గర చాలా చూస్తాం. "కట్నం ఇచ్చినం గదా" అంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న తకరారును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది, హక్కు పుట్టుకతోనే అని. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా లేకుండా పోయిన ఇల్లయినా కూతురికి సమాన వాటా ఉంది. కొనేవాడి తరఫు వకీలు మొదట అడిగేది ఇదే. బ్రోకరు "అదంతా నేను చూసుకుంటా" అంటే నమ్మకండి. చెల్లెలి ఇంటికి అన్న పోయి అడగాల్సిన మాట బ్రోకరు చూసుకునేది కాదు. ఆమె వాటా ఆమె చేతిలో పెట్టి సంతకం అడగండి. ఊరికే తీసుకున్న సంతకం పండక్కి పుట్టింటి గుమ్మం దగ్గర అడ్డుపడుతుంది.

ఇక మనిషి కావాల్సిన రెండో చోటు. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషి పోని వాడ లేదు. రియాద్‌లో, దుబాయ్‌లో ఉన్నవాడు రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. ఆ నలభై రోజుల్లో పెళ్లిళ్లు, ఆసుపత్రులు, మొక్కులు. ఇల్లు అమ్మడానికి వాడికి తీరిక ఎక్కడిది? తొందరలో ఉన్నాడని కొనేవాడికి తెలుసు, తిరుగు టికెట్ తేదీ కూడా తెలుసు. అలాంటివాడు తన తరఫున నిలబడే మనిషిని పెట్టుకోవాల్సిందే, కమీషన్ ఇవ్వాల్సిందే. కానీ బేరం చేసే మనిషి, సంతకం పెట్టే మనిషి ఒకడే కాకూడదు. పవర్ ఆఫ్ అటార్నీ భార్యకో, తల్లికో, తోడబుట్టినవాళ్లకో ఇవ్వాలి. బ్రోకరుకు ఎన్నడూ ఇవ్వకూడదు. అదీ ఆ ఒక్క ఇంటికే పరిమితం చేసి, ఇంటి నంబరు, హద్దులతో రాయించాలి. అక్కడ భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. డబ్బు నేరుగా యజమాని ఖాతాలో పడాలని ఆ కాగితంలోనే రాయించండి.

ఇంకో సంగతి గల్ఫ్ తమ్ములకు ఎవరూ చెప్పరు. ఇక్కడ ఉన్నవాడు యాభై లక్షల లోపు ఇల్లు అమ్మితే కొనేవాడు పన్ను కోయనక్కర్లేదు. అమ్మేవాడు ప్రవాసి అయితే ఆ మినహాయింపు లేదు. లాభం మీద పడే పన్నును కొనేవాడు ముందే కోసి కట్టాలి. కోత తగ్గించమని పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది. అది తెలియక రిజిస్ట్రేషన్ రోజున గొడవపడి, బేరం చెడి, బయానా మీద తగాదాలు పెట్టుకుంటున్నారు.

మధ్యవర్తిని పెట్టుకుంటే ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి. కమీషన్ ఎంత, ఇద్దరి దగ్గరా తీసుకుంటాడా, రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇస్తాం, ఎన్ని నెలల వరకు ఈ మాట చెల్లుతుంది. బయానా రోజునే సగం కమీషన్ అడిగేవాళ్లు ఉన్నారు. పని పూర్తయితేనే కూలి అన్నది కాంట్రాక్టు చట్టంలోనూ ఉంది, నాట్లేసే కూలీల దగ్గరా ఉంది. నిజాయితీగా పనిచేసే మధ్యవర్తి ఆ కాగితం చూసి నొచ్చుకోడు. ఆయనకూ అది రక్షే. పనయ్యాక కమీషన్ ఎగ్గొట్టే అమ్మకందార్లు కూడా మన ఊళ్లలో తక్కువేం లేరు. అది అన్యాయం. ఒప్పుకున్నది ఆ రోజే, ఆ ఆఫీసు దగ్గరే ఇచ్చేయాలి.

ఇల్లు అమ్మాలని మీ మనసులో ఉంటే, ధర ఎవరితోనూ అనకముందే మీ ఇంటి ఈసీ తీయించండి. పంచాయతీలో ఇల్లు ఎవరి పేరున ఉందో సరిచూసుకోండి. సాయంత్రం మీ అక్కకో చెల్లెలికో ఫోన్ చేసి మొదట ఆమెతో చెప్పండి.